ఆదివారానికి తోక

డెకరేషన్ ఆయప్ప టేపు పట్టుకొని వచ్చి
మిద్దె ముందర జాగా కొలిచి
ఫోనులో బొమ్మలు చూపిచ్చినాడు.
థర్మాకోలు హంసలు, ప్లాస్టిక్ లిల్లీలు,
మా పేర్ల మొదటక్షరాలు ఇంగ్లీషులో, నడుమ ఒక గుండె.
నలభై ఐదు వేలు.
హంసలు వద్దంటే నలభై రెండు.
నాయన టీ తాగేసినంక కూడా
ఖాళీ గ్లాసును చానాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

"మేమే చేసుకుంటాం లేన్నా" అన్నాను.
అనేటప్పుడు నాకేమీ తెలీదు.
నోరు ముందు పోయింది,
చేతులు ఇంగా దాని ఎనకాల నడుస్తా ఉండాయి.

మాది దూదేకులోళ్ల ఇల్లు.
తాత విల్లు గోడకెక్కి ఇరవై ఏండ్లు.
పరుపుల్లోకి ఫోము వచ్చినప్పటి నుంచి
దాని నారి మీద అమ్మ చేతిగుడ్డలు ఆరేస్తాది.

చిన్నాయన ఆదోని యార్డు నుంచి
అమ్ముడుపోని పత్తి రెండు బస్తాలు ఆటోలో యేసుకొచ్చినాడు.
కాయ పగిలే నాడు వాన తిన్న పత్తి,
యాపారి పిడికెడు పీకి, వాసన చూసి, పక్కకు నెట్టిన పత్తి.
ఒక చోట బూడిద మరక, ఒక చోట పసుపు.
"పెండ్లికి ఇదేం దూదే మాబున్నీ" అనింది జేజి.
"వద్దన్నది యాపారి గదా, పెండ్లికొడుకు కాదు గదా."
జేజి నవ్వి, విల్లు దించమనింది.

మొదటి దెబ్బకు
వీధిలో కుక్క లేచి నిలబడింది.
జేజి చెయ్యి ఏదీ మర్చిపోలేదు.
మోచెయ్యే మర్చిపోయింది,
పది దెబ్బలకొకసారి ఆపి పిసుక్కుంటాది.
ఇంటి నిండా దూది,
చారు గిన్నెలో, గడియారం ముళ్ల మీద, నాయన మీసంలో.
పరీక్షకని ఒక దండ వాకిట్లో కడితే
తెల్లారేసరికి గాలి సగం పీక్కపోయి
ఎదురింటి వేపచెట్టుకు కట్టింది.
దానికే ముందు పెండ్లి అయినట్లుండాది.

పత్తికొండలో ఆయనది మోటార్ల వైండింగు అంగడి.
కాలిన మోటార్ల కడుపులోంచి తీసిన రాగి తీగ
చుట్టలు చుట్టలు కండక్టరు చేతికిచ్చి పంపిస్తాడు.
తీగకు దూది చుట్టి నేను పూలు చేస్తాను.
రాత్రి పదకొండుకు ఫోను.
"ఎన్నైనాయి?"
"నూట ఎనభై."
"తీగ చాలుతాదా?"
మా సరసమంతా ఇంతే.
ఒక రాత్రి మాత్రం చానాసేపు ఊరికే ఉండి
"ఈపొద్దు పంపింది ఒక బోరు మోటారుది,
నీళ్లు లేక ఉత్తగా తిరిగి తిరిగి కాలింది" అన్నాడు.
ఆ తీగతో చేసిన పదకొండు పూలు యేరుగా పెట్టినాను.
పందిట్లో యాడ కట్టాల్నో
ఇప్పటికీ తేల్లేదు.

కార్డులకు బస్టాండు కాడ రబ్బరు ముద్ర చేపిచ్చినాం.
చీరలంగడి పెట్టెల అట్ట కత్తిరిచ్చి
రెండు వందల పన్నెండు గుద్ది, నడవంతా పరిచి ఆరబెట్టి
అప్పుడు చదివినాం.
'అదివారం' అని ఉండాది.
'ఆ'కు తోక లేదు.
అమ్మ నెత్తి పట్టుకునింది.
ముద్ర చేసినాయప్ప "అర్థమైతాది లేమ్మా" అన్నాడు.

అక్క కొడుకు జిలాని, రెండో తరగతి,
ఎర్ర పెన్ను తెచ్చుకొని నడవలో బోర్లా పడుకున్నాడు.
మొదటి ఇరవై కార్డులకు బుద్ధిగా తోకలు పెట్టినాడు.
ఆమీద ఒకటి పిల్లి తోక.
ఒకటి తేలు.
ఒకటి గాలిపటానిది, ముడులతో సహా.
ఒకదానికైతే పెన్ను ఎత్తడం మర్చిపోయినట్లుండాడు,
మా ఇద్దరి పేర్ల కింద పాకి, నిఖా టైము చుట్టూ తిరిగి,
అంచు దాటి, ఎనక పక్క భోజనాల కాడికి చేరింది.

ఆ కార్డు ఎవరికీ పంచలేదు.
రాత్రి ఫోనులో చెప్తే
"ఎంత పొడుగుందో కొలువు" అన్నాడు.
టేపు లేదు. చేత్తో కొలిచినాను.
"ఈ పక్క జానెడు, ఆ పక్క బెత్తెడు."
"అంత తీగ మిగిలుండాది నా కాడ."

పంపీమన్నాను.
తెల్లార్తో మొదటి బస్సుకు.